గెలిచినవాళ్ల జీతం బిల్లు

కిర్ఖోల్మ్ యుద్ధం గురించి ఎవరు చెప్పినా ఒకేచోట మొదలుపెట్టి ఒకేచోట ఆపేస్తారు. ఇటు ఒకే రాజు కింద కలిసి ఉన్న పోలండ్-లిథువేనియా సైన్యం 3,600 మంది, అటు స్వీడన్ సైన్యం దాదాపు 11,000 మంది. అరగంట తిరక్కుండానే పెద్ద సైన్యం తుడిచిపెట్టుకుపోయింది. మధ్యలో వీపుకి రెక్కలు కట్టుకున్న గుర్రపు రౌతులు, వెనక చెవులు దిమ్మెక్కే సంగీతం. మా వాట్సాప్ గ్రూపులో చరిత్ర పిచ్చి ఉన్నవాళ్లం కొంతమందిమి ఉన్నాం. ఏడాదికోసారైనా ఎవరో ఒకరు ఈ యుద్ధం వీడియో పెడతారు, కింద చప్పట్ల బొమ్మలు వరస కడతాయి. ఆ వీడియోల మీద నాకు కోపమేం లేదు. చెప్పే అంకెలు కూడా చాలావరకు నిజమే. అవి ఆగిపోయే చోటుతోనే నా పేచీ అంతా.

నా ఉద్యోగమంతా ఖజానా శాఖలో గడిచింది. జీతాల బిల్లులు, పెన్షన్ కాగితాలు, పేరుకుపోయిన బకాయిలు, "బడ్జెట్ రాలేదండీ, వచ్చే నెల చూద్దాం" అనే మాటలు. అందుకేనేమో, ఏ యుద్ధం గురించి చదివినా నా కన్ను ముందు ఒకచోటికే పోతుంది. వీళ్లకి డబ్బు ఎవరిచ్చారు? అసలు ఇచ్చారా? కిర్ఖోల్మ్ విషయంలో సరిగ్గా ఇవ్వలేదు, యుద్ధానికి ముందూ, తర్వాతా. 1605 సెప్టెంబర్ 27న ఆ సైన్యం సంపాదించిపెట్టినదాన్ని పోలండ్-లిథువేనియా ఖజానా నిలబెట్టుకోలేకపోయింది. అంతకన్నా విడ్డూరం, అప్పుడు కట్టబోమన్న పన్నుని పాతికేళ్ల లోపే పోలండ్ ప్రభువులు శత్రువుకి కట్టాల్సి వచ్చింది. దాని సంగతి చివర్లో చెబుతాను.

ముందు గొడవేమిటో చెప్పాలి. విప్పి చూస్తే ఇది బాబాయికీ అన్న కొడుక్కీ మధ్య ఆస్తి తగాదా. పోలండ్ రాజు మూడో సిగిస్మండ్ పుట్టింది స్వీడన్ రాజవంశంలో, వాసాల ఇంట్లో. తల్లి మాత్రం పోలండ్ రాజవంశపు ఆడపడుచు. ఆ వరసతో 1587లో పోలండ్ పెద్దలు ఆయన్ని రాజుగా ఎన్నుకున్నారు. అవును, అక్కడ రాజుని ఎన్నుకునేవాళ్లు, ఓటు ప్రభువర్గానిది. 1592లో తండ్రి పోతే స్వీడన్ కిరీటం కూడా ఆయనకే వచ్చింది. ఆయన కాథలిక్, స్వీడన్ లూథరన్. ఆయన పోలండ్‌లో ఉంటే స్వీడన్‌లో ఇల్లు చక్కబెట్టింది బాబాయి చార్లెస్. చక్కబెట్టి చక్కబెట్టి ఇల్లు తన పేర రాయించుకున్నాడు. 1598లో లింకోపింగ్ దగ్గర అన్న కొడుకుని ఓడించాడు, మరుసటి ఏడు స్వీడన్ సభ సిగిస్మండ్‌ని గద్దె దించింది. సిగిస్మండ్ ఊరుకోలేదు. 1600లో, తన మాట చెల్లని ఎస్టోనియాని పోలండ్‌కి దఖలు పరుస్తున్నానన్నాడు. దాంతో లివోనియాలో, అంటే ఈనాటి లాత్వియా, ఎస్టోనియాల నేల మీద, యుద్ధం రాజుకుంది.

పోలండ్ పెద్దమనుషుల్లో చాలామందికి మొదట్నుంచీ ఒకటే అనుమానం. ఇది దేశం యుద్ధమా, రాజుగారి ఇంటి యుద్ధమా? డబ్బు దగ్గరికొచ్చేసరికి ఈ అనుమానమే అడ్డం పడుతుంది.

1605లో చార్లెస్ (అప్పటికి తొమ్మిదో చార్లెస్‌గా రాజు బిరుదు తగిలించుకున్నాడు) స్వయంగా సముద్రం దాటి వచ్చి రీగా నగరాన్ని ముట్టడించాడు. రీగా అంటే దౌగవ నది సముద్రంలో కలిసేచోట ఉన్న రేవు. లోపలి అడవుల కలప, అవిసె నార, మైనం, ధాన్యం పడవల మీద అక్కడికే దిగి పడమటి దేశాలకి పోయేవి. రీగా పోతే లిథువేనియా గొంతు పట్టుకున్నట్టే. దాన్ని కాపాడాల్సినవాడు లిథువేనియా సేనాపతి యాన్ కరోల్ ఖోద్కెవిచ్. అప్పటికే 1604లో వైసెన్‌స్టైన్ దగ్గర తనకన్నా రెండింతలకి పైగా ఉన్న స్వీడన్ సేనని కొట్టినవాడు. చేతిలో 2,600 మంది గుర్రపు రౌతులు, వెయ్యి పైచిలుకు కాల్బలం, కొన్ని ఫిరంగులు. రీగాకి ఎగువన కిర్ఖోల్మ్ దగ్గర దిగాడు. ఇప్పుడా ఊరిని సలస్పిల్స్ అంటారు. 1970లలో జలవిద్యుత్ కేంద్రం కోసం దౌగవ మీద కట్టిన ఆనకట్ట వెనక నీళ్లు నిలిచి అక్కడ నది రూపమే మారిపోయింది. ఆ రోజు కూర్లాండ్ డ్యూక్ ఫ్రీడ్రిష్ కెట్లర్ 300 మంది రౌతులతో దిగి దాటిన నది ఇప్పుడు చూడ్డానికి లేదు.

చార్లెస్‌కి ఓపిక తక్కువ. శత్రువు చిన్న దండుతో దగ్గర్లోనే ఉన్నాడని తెలియగానే ముట్టడి వదిలి, రాత్రికి రాత్రి వానలో సైన్యాన్ని నడిపించాడు. తెల్లారేసరికి వాళ్లు తడిసి, నిద్ర లేక, అన్నం లేక ఉన్నారు. అయినా గుట్ట మీద చోటు మంచిది. కాల్బలాన్ని చదరంగపు గళ్లలా ఎడం ఎడంగా నిలబెట్టి, పక్కల గుర్రపు దళం, 11 ఫిరంగులు. అవతల ఖోద్కెవిచ్ గుట్ట ఎక్కి కొట్టడానికి తొందరపడలేదు. పొద్దున్న చాలాసేపు చిన్న చిన్న కవ్వింపులతోనే గడిపాడు. చివరికి తన దండు వెనక్కి తగ్గుతున్నట్టు కనిపించేలా చేశాడు. పారిపోతున్నారనుకుని స్వీడన్ సైన్యం గుట్ట దిగింది. అంతే.

ఇక్కడ కాస్త ఆగి ఈటె గురించి చెప్పాలి. ఆ రోజు కథలో నాకు అన్నిటికన్నా నచ్చే వస్తువు అదే. పోలండ్ హుస్సారు, అంటే కవచం తొడిగి ఈటెతో మీదపడే గుర్రపు రౌతు, చేతిలోని ఈటె దాదాపు ఐదు మీటర్లు. అంత పొడుగు కర్ర నిండుగా ఉంటే గుర్రం మీద ఒంటిచేత్తో మోయడం ఎవరి తరమూ కాదు. అందుకని తేలికపాటి కర్రని నిలువునా రెండుగా చీల్చి, లోపల తొలిచి, మళ్లీ అతికించి, పైన బిగించి చుట్టి రంగు వేసేవాళ్లు. లోపలంతా డొల్ల. కొసకి ఉక్కు మొన, దాని కింద రంగు రంగుల పొడుగాటి జెండా గుడ్డ. కాల్బలం నేలకి ఆనించి పట్టుకునే బల్లెం కన్నా ముందుగా ఇదే తగిలేలా లెక్క. ఒక్క పోటుకి విరిగిపోతుంది. విరగడానికే చేసిన వస్తువు. విరిగాక జీను కింద పెట్టుకున్న పొడుగాటి పోటుకత్తి, అదీ పోతే నడుముకున్న వంపుకత్తి.

ఇక ఖజానావాడికి నచ్చే సంగతి. గుర్రం, కవచం, కత్తి, వెంట వచ్చే పరివారం అంతా రౌతు సొంత ఖర్చు. ఈటె మాత్రం సర్కారు సరఫరా. అంటే ఒక పోటుతో ముక్కలయ్యేదాన్ని ప్రభుత్వం ఇచ్చేది. ఏళ్ల తరబడి మేపి, తర్ఫీదిచ్చి, యుద్ధంలో పోగొట్టుకునే గుర్రం మాత్రం వాడి నెత్తినే.

దాడి చేసే పద్ధతి కూడా తెలివైనదే. మొదట ఎడం ఎడంగా వస్తారు, దూరం నుంచి కాల్చిన గుళ్లు చాలావరకు ఖాళీల్లోంచి పోతాయి. దగ్గరికొచ్చేకొద్దీ ఒత్తుకుంటూ చివరికి మోకాలికి మోకాలు రాసుకునేలా గోడ కడతారు. ఆ కాలపు మస్కెట్ తుపాకి ఒకసారి కాల్చి మళ్లీ మందు దట్టించుకునేలోపు గుర్రం మీదికొచ్చేస్తుంది. దీనికి విరుగుడు పొడుగు బల్లేలు పట్టుకుని కదలకుండా నిలబడే కాల్బలం. స్వీడన్‌కి అదే లేదు. 1601లో నసావు వంశపు యోహాన్ డచ్చివాళ్ల కొత్త యుద్ధపద్ధతి నేర్పడానికి లివోనియా వచ్చి కొన్నాళ్లుండి వెళ్లిపోయాడు. పాఠం ఒంటబట్టలేదు. ఊళ్లలోంచి పట్టుకొచ్చిన రైతుబిడ్డలకి ఆ బరువైన బల్లెం, కవచం అంటేనే చిరాకు. స్వీడన్ రౌతులదీ అదే వరస. దగ్గరికెళ్లి పిస్తోలు పేల్చి వెనక్కి తిరగడం వాళ్లకి అలవాటు, కత్తి దూసి మీద పడటం కాదు.

రెక్కల సంగతా? హుస్సార్లకి రెక్కలున్నమాట నిజం, ఊరేగింపుల బొమ్మల్లో కనిపిస్తాయి కూడా. యుద్ధంలో అందరూ కట్టుకునేవాళ్లా అన్నదాని మీదే చరిత్రకారులు ఒప్పుకోరు. ఈకల చప్పుడుకి శత్రువుల గుర్రాలు బెదిరాయన్న కథకి ఆధారం ఇంకా పల్చన. వీడియో తీసేవాళ్లకి రెక్కలు వదులుకోవడం కష్టమే, నాకు తెలుసు.

వోయ్నా అనే నాయకుడు 300 మంది హుస్సార్లతో నడుమనున్న కాల్బలం మీద పడ్డాడు. వేలమంది మీదికి 300 మంది. వాళ్లని కదలకుండా పట్టి ఉంచితే చాలు, అదే వాళ్ల పని. ఎడమవైపు దంబ్రోవా దళం ఎదురుగా ఉన్న స్వీడన్ రౌతుల్ని చెదరగొట్టి వాళ్ల సొంత కాల్బలం మీదికే తోసేసింది. కుడివైపు యాన్ పియోత్ర్ సపియెహా. చార్లెస్ దాచుకున్న దళాన్ని దించేసరికి ఖోద్కెవిచ్ దాచుకున్న లాత్స్కి దళం అడ్డం వెళ్లింది. రెండు పక్కలా గుర్రాలు పోయాక మధ్యలో మిగిలిన కాల్బలానికి దిక్కులేదు. అసలు పోరు ఇరవై ముప్పై నిమిషాలే. నరుకుడు ఆ తర్వాత. చచ్చినవాళ్లలో ఎక్కువమంది పారిపోతూ చచ్చారు. స్వీడన్ సగానికి పైగా సైన్యాన్ని పోగొట్టుకుంది, 60 జెండాలు, 11 ఫిరంగులూ పోయాయి. సేనాపతుల్లో ల్యూనెబుర్గ్ ఫ్రీడ్రిష్, అండెర్స్ లెనార్ట్‌సన్ అక్కడే పడిపోయారు. గెలిచినవాళ్లలో చనిపోయింది దాదాపు వందమంది, గాయపడ్డది రెండువందలు. గుర్రాలు మాత్రం లెక్కకు మించి పోయాయి. వాటిని గుర్తుపెట్టుకోండి.

చార్లెస్ కూడా దొరికిపోవాల్సిందే. ఆయన గుర్రం పడిపోతే హెన్రిక్ వ్రేదె అనే లివోనియా ప్రభువు తన గుర్రం ఇచ్చి పంపించాడు, తను చనిపోయాడు. ఆ తర్వాత వ్రేదె భార్యకి స్వీడన్ రాజ్యం ఫిన్లండ్‌లో ఎలిమాకి దగ్గర భూములిచ్చింది. ఇది చదివినప్పుడు నాకు ఒక్కటే అనిపించింది. ఓడిపోయినవాడు బాకీ తీర్చాడు.

మరి గెలిచినవాళ్ల సంగతి?

ఆ దేశంలో డబ్బు ఎలా కదిలేదో చెప్తే గానీ ఇది అర్థం కాదు. దక్షిణాన తాతారుల దాడుల్ని కాచుకోవడానికి పోలండ్‌కి ఒక చిన్న స్థిరసైన్యం ఉండేది. దాని ఖర్చుకి రాజు సొంత భూముల ఆదాయంలో ఒక వాటా విడిగా తీసి పెట్టేవాళ్లు. అది అక్కడికే చాలీచాలదు. మిగతా ఏ యుద్ధానికైనా సేయ్మ్ కూర్చోవాలి, పన్ను ఒప్పుకోవాలి. సేయ్మ్ అంటే ప్రభువర్గపు సభ. మామూలుగా రెండేళ్లకోసారి, ఆరువారాలు. ఊరూరి సభల నుంచి వచ్చిన ప్రతినిధులు తమ ఊరు చెప్పిన షరతులు మోసుకొస్తారు. అందరూ తలూపితేనే తీర్మానం. లిథువేనియా ఖజానా మళ్లీ వేరే.

1605 మొదట్లో, యుద్ధం జోరుగా ఉండగా, ఆ సేయ్మ్ కూర్చుంది. రాజుగారు చనిపోయిన భార్య చెల్లెల్ని, ఆస్ట్రియా రాకుమారిని, చేసుకుంటానంటున్నారు, తప్పా ఒప్పా? మాస్కోలో సింహాసనం కోసం బయల్దేరిన దిమిత్రి అనేవాడు అసలా నకిలీనా, వాడికి మన ప్రభువులు సాయం చేయొచ్చా? వీటి మీదే మాటల యుద్ధం నడిచింది. సభ ఏ తీర్మానం లేకుండా లేచిపోయింది. పన్ను లేదు. అంటే కిర్ఖోల్మ్‌లో గుట్ట కింద నిలబడ్డ సైన్యం బడ్జెట్ కేటాయింపు లేని సైన్యం. ఖోద్కెవిచ్ సొంత డబ్బు, సొంత పరపతి పెట్టి దాన్ని ఒకచోట ఉంచాడు. డబ్బు పంపమని రాజుకి ఉత్తరాల మీద ఉత్తరాలు రాశాడు. గెలిచాక పోప్ నుంచి అభినందనలు వచ్చాయి. జీతాలు రాలేదు.

మస్టరు రోల్లో ఇంకో వింత. గుర్రపు దళంలో నూటికి పదిమంది దాకా కాగితం మీద మాత్రమే ఉండేవాళ్లు. దళనాయకుడు ఆ లేని మనుషుల పేర జీతం ఎత్తుకునేవాడు. ఇది దొంగతనం కాదు, అందరికీ తెలిసిన పద్ధతి, ఆయనకి జీతం కింద లెక్క. మన దగ్గర ఉపాధి పనుల్లో దొంగ మస్టర్లని పేపర్లో వార్తలొస్తే గుండెలు బాదుకుంటాం, అక్కడ అది రూలు. కాబట్టి ఆ కాలపు దళాల లెక్కలు ఎక్కడ కనిపించినా అవి కాగితం మీదివా, గుర్రం మీదివా అని అడగడం మంచిది.

జీతం రాని సైనికుడు ఏం చేస్తాడు? చాలా దేశాల్లో పారిపోతాడు, లేదా దోచుకుంటాడు. పోలండ్-లిథువేనియాలో ఒక మర్యాదైన దారి ఉంది. వాళ్లంతా కలిసి ప్రమాణం చేసి కూటమి కడతారు, దానికో నాయకుడిని ఎన్నుకుంటారు. మొత్తం బకాయి లెక్క కట్టి, రాజు భూముల మీదికో చర్చి భూముల మీదికో వెళ్లి తిష్ట వేస్తారు. అక్కడి వసూళ్లన్నీ బాకీ తీరేదాకా వాళ్లవే. తిరుగుబాటు అనలేం, సమ్మె అనలేం, జప్తు అంటే సరిపోతుంది. రైతుకి మాత్రం ఏ పేరు పెట్టినా ఒకటే, గాదె ఖాళీ. లివోనియా సైన్యం కిర్ఖోల్మ్ తర్వాత ఈ దారే పట్టింది. శత్రువు చేతిలో సగం సైన్యం కూడా మిగలని ఆ శరదృతువులో తరిమి కొట్టాల్సిన రౌతులు చచ్చిన గుర్రానికి బదులు ఇంకోటి ఎలా కొనాలా అని చూసుకుంటున్నారు. రీగా ముట్టడి తొలగిపోయింది, నిజం. అంతకుమించి చేతికొచ్చింది లేదు. ఎస్టోనియా స్వీడన్ చేతిలోనే ఉండిపోయింది.

ఈ రోగం పోలండ్‌కి మాత్రమే ఉందని నేననను. ఐదేళ్ల తర్వాత 1610లో క్లూషినో దగ్గర, మాస్కో తరఫున స్వీడన్ సేనాపతి నడిపిన కిరాయి సైనికులు జీతం అందలేదన్న కోపంతో యుద్ధం మధ్యలోనే పోలండ్‌తో బేరం కుదుర్చుకున్నారు. ఆ కాలంలో సగం యుద్ధాలు ఇలాగే తేలాయి. కాకపోతే ఒక్కో దేశం ఈ రోగానికి ఒక్కో వైద్యం వెతుక్కుంది. పోలండ్ వైద్యమే వద్దనుకుంది.

ఎందుకు వద్దనుకుందో కూడా న్యాయంగా చెప్పాలి, లేకపోతే నేను ఆ వీడియోలవాళ్ల కన్నా అన్యాయం చేసినవాణ్ణవుతాను. పోలండ్ ప్రభువర్గం పిసినారితనంతోనే పన్ను ఆపలేదు. చేతిలో స్థిరమైన సైన్యం, స్థిరమైన పన్ను ఉన్న రాజు రేపు ఆ సైన్యాన్ని తమ మీదికే తిప్పుతాడని వాళ్ల భయం. ఆ భయం ఉత్తదేం కాదు. 1606లో జెబ్జిదోవ్‌స్కి నాయకత్వంలో వాళ్లు రాజు మీద తిరగబడ్డారు. 1607 జులైలో గుజువ్ దగ్గర రాజసేన వాళ్లని ఓడించింది. ఆ రాజసేనలో ఒక పక్కని నడిపింది ఎవరనుకున్నారు? కిర్ఖోల్మ్ ఖోద్కెవిచ్. లివోనియాలో ఉండాల్సిన సేనాపతి పోలండ్ నడిబొడ్డున సొంత ప్రభువులతో పోట్లాడుతున్నాడు.

ఈలోగా స్వీడన్ మళ్లీ తేరుకుంది. 1609లో ఖోద్కెవిచ్ మళ్లీ పరుగెత్తుకెళ్లాడు. పెర్నావ్ కోటని రాత్రివేళ దాడిచేసి పట్టాడు, రీగాని మళ్లీ విడిపించాడు. ఒకే ఊరిని ఒకే మనిషి రెండోసారి కాపాడాడు. గొప్పే. నా వరకు ఒకే మనిషి ఒకే పని మళ్లీ మళ్లీ చేయాల్సి వస్తోందంటే ఆఫీసులో ఏదో తేడా ఉన్నట్టు లెక్క.

మూడోసారికి ఆయన రాలేకపోయాడు. 1621లో పోలండ్ సైన్యమంతా దక్షిణాన ఖోతిన్ దగ్గర ఒట్టోమన్ సుల్తాను ఎదుట ఉంది, దానికి పెద్ద ఖోద్కెవిచ్చే. సరిగ్గా ఆ సమయం చూసి తొమ్మిదో చార్లెస్ కొడుకు గుస్టావస్ అడాల్ఫస్ రీగా మీదికి వచ్చాడు. కోటలో సర్కారు సైనికులు కొన్ని వందలమంది, మిగతా కాపలా అంతా ఊరివాళ్లది. సెప్టెంబర్ 24న ఖోద్కెవిచ్ ఖోతిన్ శిబిరంలో జబ్బుతో కన్నుమూశాడు. అదే వారంలో రీగా లొంగిపోయింది. కిర్ఖోల్మ్‌కి అప్పటికి పదహారేళ్లు.

ఇక స్వీడన్ వైపు. ఓడినవాళ్లు పాఠం నేర్చుకున్నారని అందరూ ఒక వాక్యంలో తేల్చేస్తారు. ఏం నేర్చుకున్నారో చూడాలి. గుస్టావస్ కాల్బలానికి బల్లేలు పట్టించాడు, వరసలు తగ్గించి ఒక్కసారిగా కాల్చే పద్ధతి నేర్పాడు, మట్టిగోడల చాటున నిలబెట్టాడు, రౌతుల్ని పిస్తోలు ఆట మాన్పించి కత్తితో మీద పడమన్నాడు. 1626 జనవరిలో లివోనియాకి దక్షిణంగా వాల్హోఫ్ దగ్గర లిథువేనియా సైన్యాన్ని మైదానంలోనే ఓడించాడు. అదే ఏడు గ్నియెవ్ దగ్గర హుస్సార్లు స్వీడన్ తుపాకుల్ని ఛేదించలేకపోయారు. హుస్సార్లు ఒక్కసారిగా పనికిరాకుండా పోలేదు. 1629లో త్‌ష్చియానా దగ్గర గుస్టావస్ వాళ్ల చేతికి చిక్కినంత పనైంది. కానీ అరగంటలో అంతా తేలిపోయే రోజులు పోయాయి.

యుద్ధవిద్య కన్నా నన్ను పట్టి ఆపేది స్వీడన్ రాసుకున్న జాబితాలు. ఫిన్లండ్‌తో కలిపినా స్వీడన్ జనాభా పది పన్నెండు లక్షలకి అటూ ఇటూ, పోలండ్-లిథువేనియాది దానికి ఎన్నో రెట్లు. అంత చిన్న దేశం సైన్యాన్ని ఎక్కడ్నుంచి తెచ్చింది? ఊళ్లలోంచి. ప్రతి ఊరి చర్చిలో పాదిరీ దగ్గర మగవాళ్ల పట్టీ. వాళ్లని గుంపులుగా విడదీసి, గుంపుకి ఒకడు చొప్పున పట్టుకెళ్లడం. ఏ ఇంట్లో ఎంతమంది కొడుకులున్నారో స్టాక్‌హోమ్‌లో కూర్చున్న గుమాస్తా చెప్పగలిగేంత పద్ధతి. ఉద్యోగరీత్యా నేను మెచ్చుకోవాల్సిన పని.

కానీ ఉత్తర స్వీడన్‌లో బిగ్‌దేయో అనే ఒక పల్లె పరగణా లెక్క మిగిలింది. 1621 నుంచి 1639 దాకా అక్కడి నుంచి పోలండ్, జర్మనీ యుద్ధాలకి 230 మందిని పంపారు. 215 మంది చచ్చిపోయారు. ఇంకో ఐదుగురు అవిటివాళ్లై తిరిగొచ్చారు. ఊళ్లో వయసొచ్చిన మగవాళ్లు 468 నుంచి 288కి పడిపోయారు. చాలామంది యుద్ధంలో కూడా చావలేదు, శిబిరాల్లో, కోటల్లో జ్వరాలతో పోయారు. పొలాలు ఆడవాళ్ల మీద పడ్డాయి. లెక్క అంత పక్కాగా ఉంది కాబట్టే ఇది ఇవాళ మనకి తెలుస్తోంది. జాబితా సరిగ్గా రాసే రాజ్యం మనుషుల్ని కూడా అంతే సరిగ్గా వెతికి పట్టుకుంటుంది.

అందుకే స్వీడన్ పద్ధతి మంచిది, పోలండ్‌ది చెడ్డది అని నేను చెప్పడం లేదు. బిగ్‌దేయోలో పుట్టిన పదిహేడేళ్ల కుర్రాడిగా ఉండటం కన్నా, పన్ను ఒప్పుకోని సేయ్మ్ ఉన్న దేశంలో ఉండటమే నాకు ఇష్టం, నన్నడిగితే. ఆ దేశంలో కూడా ప్రభువుగానే పుట్టాలనుకోండి, పొలంలో వెట్టి చేసేవాడిగా కాదు. కానీ యుద్ధం చేస్తాం, డబ్బివ్వం అంటే కుదరదు. సిగిస్మండ్‌కి స్వీడన్ కిరీటం మీద ఆశ చావలేదు, సేయ్మ్‌కి ఆ ఆశకి డబ్బు పెట్టే ఉద్దేశం లేదు. రాజీ పడరు, జీతమివ్వరు. ఈ రెండింటి మధ్య నలిగింది ఖోద్కెవిచ్ సైనికులు, వాళ్లు తిష్ట వేసిన ఊళ్ల రైతులు.

మా గ్రూపులో ఒక మిత్రుడు, సైన్యంలో పనిచేసి రిటైరైనవాడు, నాతో ఎప్పుడూ దీని మీదే గొడవ. "నీకు అంతా వోచర్లే కనపడతాయి. ఆ 300 మంది వేలమంది మీదికి గుర్రాలు తోలినప్పుడు ఏ బిల్లు గుర్తుంటుందోయ్?" అంటాడు. ఆ మాట కాదనను. బకాయిలు రాకుండానే వాళ్లు ఈటెలు దించి దూకారు. బిల్లు చూసుకుని ఎవడూ తుపాకి మీదికి పోడు. కానీ ఆ సాహసం మళ్లీ వచ్చే ఏడు కూడా కావాలంటే గుర్రం కావాలి, గుర్రానికి గింజ కావాలి. సాహసాన్ని పొగిడేవాళ్లే దాని ఖర్చు విషయంలో ఎప్పుడూ చేతులెత్తేస్తారు. ఈ మాటంటే మిత్రుడు కూడా ఒప్పుకుంటాడు, సొంత పెన్షన్ కాగితాలు గుర్తొచ్చి.

ఇక మొదట్లో చెప్పిన ఆ పన్ను. 1626 జులైలో గుస్టావస్ లివోనియా వదిలి నేరుగా పోలండ్ సముద్రతీరానికి, ప్రష్యాలో దిగాడు. కారణం సులువే. పోలండ్ ప్రభువుల సంపదంతా ధాన్యం. పొలాల్లో వెట్టివాళ్లు పండించిన రై, గోధుమలు వేసవిలో విస్తులా నది మీద తెప్పల్లో, పడవల్లో గ్దాన్స్క్ రేవుకి దిగేవి. అక్కడి నుంచి డచ్చి ఓడలెక్కి ఆమ్‌స్టర్‌డామ్‌కి. ఆ డబ్బుతోనే వాళ్ల భవనాలు, పట్టుబట్టలు, సేయ్మ్‌లో ఉపన్యాసాలు. గుస్టావస్ ఆ నది మూతి దగ్గర కూర్చున్నాడు. అప్పుడు సేయ్మ్ పన్నులు ఒప్పుకుంది, సైన్యం పంపింది. 1629లో అల్ట్‌మార్క్ దగ్గర ఆరేళ్ల సంధి కుదిరేసరికి దౌగవకి ఉత్తరాన ఉన్న లివోనియా, రీగాతో సహా, స్వీడన్ చేతిలోనే ఉంది. ప్రష్యా రేవుల్లో సుంకం వసూలు చేసుకునే హక్కు కూడా స్వీడన్‌కే వచ్చింది. గ్దాన్స్క్ నుంచి పోయే, వచ్చే సరుకు మీద 3.5 శాతం స్వీడన్ వాటా. 1630లో గుస్టావస్ జర్మనీలో దిగినప్పుడు ఆయన యుద్ధానికి ఆధారమైన పెద్ద రాబడుల్లో ఈ రేవు సుంకాలు ఒకటి. 1605లో తమ సైనికులకి జీతమివ్వడానికి పన్ను వద్దని లేచిపోయిన సభ తాలూకు కొడుకులూ మనవలూ అమ్మిన ధాన్యం మీద ఆ సుంకం పడింది.

1635లో సంధి పొడిగించినప్పుడు ప్రష్యా సుంకాలు వదులుకోవడానికి స్వీడన్ ఒప్పుకుంది. రీగా మాత్రం ఇవ్వలేదు. 1660లో ఒలీవా ఒప్పందంలో పోలండ్ రాజు స్వీడన్ కిరీటం మీద హక్కు వదులుకుని, లివోనియా స్వీడన్‌దేనని కాగితం మీద కూడా ఒప్పేసుకున్నాడు. 1710లో రష్యా వచ్చి పట్టుకునేదాకా రీగా స్వీడన్ ఊరే.